మొహం మీద చెప్పే మాట

కోటు వేసుకున్న మనిషి వానలో నడిచి వెళుతుంటే చూడటం నాకు ఇష్టం. ఆ కోటు తడిసినా ముడత పడదు. రైలు దిగుతాడు, ఎవరి వంకా చూడనట్టే ఉండి అందరినీ చూస్తాడు, బెంచీ మీద కూర్చుని పేపరు విప్పుతాడు. కాసేపటికి ఇంకో కోటు మనిషి వచ్చి పక్కన కూర్చుంటాడు. ఇద్దరూ ఎదురుగా పావురాల్ని చూస్తూ, పెదవులు కదపకుండా మాట్లాడుకుంటారు. ఒక దేశం తలరాత ఆ నాలుగు మాటల్లో మారిపోతుంది. తిరువూరు ఎండల్లో, ఫ్యాను కింద బనీనుతో కూర్చుని అది చూస్తుంటే వీపు మీద చెమట ఆరినట్టుంటుంది.

బస్టాండు పక్క టీకొట్టు దగ్గర నా ఈడు వాళ్లు కొందరు చేరతారు. వాళ్లకి నా సంగతి తెలుసు.

"ఏంటండీ, రాత్రి ఎంతమందిని చంపారు?" అని అడుగుతాడు ఎరువుల కొట్టాయన. "ఈ వయసులో మనకి తుపాకులెందుకండీ? హాయిగా భక్తి చానల్ పెట్టుకుంటే పుణ్యమన్నా వస్తుంది."

"మీరు పెట్టుకుంటున్నారుగా. ఎంత వచ్చిందేంటి ఇప్పటిదాకా?" అంటాను.

వాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. జుట్టు నెరిసిన వాడు ఏం చూడాలో, దేనికి తల ఊపాలో ఊరంతా కలిసి ముందే తేల్చేస్తుంది. నేను ఐదో తరగతితో బడి మానిన వాణ్ణి. జిన్నింగు మిల్లులో పత్తి నింపిన బోరేల మధ్య కూర్చుని, పొట్లాలు కట్టి వచ్చిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువుకున్నాను. ఇప్పుడు తెర కింద పడే అక్షరాలు చదువుతూ ఇంగ్లీషు కూడా కాస్త ఒంటబట్టించుకున్నాను. నాకు ఏది నచ్చాలో ఒకరు చెప్పక్కర్లేదు.

నాతో కూర్చుని చూసేది మా కోడలు. మా వాడు లారీ మీద ఉంటాడు. మామిడి సీజన్లో రెడ్డిగూడెం తోటల్లో కాయ ఎక్కించుకుని ఉత్తరాదికి పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. మనవడు విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. నా భార్య పోయి చాలా కాలమైంది. కాబట్టి ఇంట్లో మామా కోడళ్లం ఇద్దరమే. ఆమె పని నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం వండి, అప్పుడు టీవీ పెడుతుంది. ఒకరు లేకుండా ఒకరు తర్వాతి భాగం చూడకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. మధ్యాహ్నమంతా నేను ఒక్కణ్ణే ఇంట్లో ఉంటాను, రిమోటు చేతిలోనే ఉంటుంది, అయినా మాట తప్పలేదు. ఆమె మాత్రం అనుమానంగా చూసేది.

"ఆ గడ్డం ఆయన దొంగ అని మీకు ముందే ఎలా తెలిసింది మామయ్య గారూ? నిజం చెప్పండి, మధ్యాహ్నం చూశారు."

"చూడటమెందుకే. వాడు అందరికంటే ముందు కుర్చీ జరిపి కూర్చోబెడుతున్నాడు చూడు. మా మిల్లు షావుకారు కూడా అంతే. మర్యాద ఎక్కువైతే ఏదో ఉన్నట్టే."

గూఢచారుల కథలు అయిపోతే ఆఫీసుల కథలు పెట్టేవాళ్లం. అద్దాల మేడలు, పొడవాటి బల్లలు, కాగితం కప్పుల్లో కాఫీలు. ఆ కథల్లో తుపాకీ ఉండదుగానీ ఊపిరి బిగబట్టి చూడాల్సిందే. ఒకడు ఇంకొకడి కుర్చీ కింద తవ్వుతుంటాడు. ఎవరు ఎవరి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారో మిగతా అందరూ గాజు గోడల్లోంచి చూస్తుంటారు. చివరికి పెద్దాయన పిలుస్తాడు. కూర్చోమంటాడు. కళ్లలోకి చూసి చెబుతాడు, నిన్ను తీసేస్తున్నామని. వాడు కూడా ఊరుకోడు. ఇన్నేళ్లు మీకు ఏం చేశానో చెప్పనా అంటాడు, అంతా చెబుతాడు, ఫొటో ఫ్రేమూ మొక్కా అట్టపెట్టెలో పెట్టుకుని అందరి ముందునుంచీ నడిచి వెళ్లిపోతాడు. ఆ నడక కోసం నేను ఆ కథలు చూస్తాను.

చూడగా చూడగా నాకు ఒకటి అర్థమైంది. కోటు వేసుకున్నా, కారు ఎక్కినా గూఢచారి కూడా జీతగాడే. వాడికీ ఒక ఆఫీసు ఉంది, పైన ఒక షావుకారు ఉన్నాడు. పని చెడితే వీడెవడో మాకు తెలియదు అంటారు. మేము చూస్తున్న సిరీస్‌లో ఒకచోట ఆ ఘట్టం వచ్చింది. గూఢచారి తన ఆఫీసుకు వస్తాడు. తలుపు పక్కన అద్దం పలక మీద అరచెయ్యి పెడతాడు. రోజూ తెరుచుకునే తలుపు తెరుచుకోదు. మళ్లీ పెడతాడు. ఎర్రలైటు వెలుగుతుంది. లోపల తనవాళ్లు అటూ ఇటూ తిరుగుతుంటారు, ఒక్కడూ తల తిప్పడు. మా కోడలు బఠాణీలు నములుతున్నది కాస్తా ఆపేసింది.

"పాపం, చెప్పొచ్చుగా వాళ్లు" అంది.

"చెప్పరు. చెబితే వీడు మాట్లాడతాడు. మాట్లాడితే వాళ్లు వినాల్సొస్తుంది."

నాకు ఆ సంగతి తెర మీద చూసి తెలుసుకోవాల్సిన పని లేదు.

మా మిల్లులో ఎవరినీ రావద్దని చెప్పేవాళ్లు కాదు. షావుకారు నోట ఆ మాట రావటం అశుభమనో, చెడ్డపేరనో, ఏదోగానీ, అక్కడ పద్ధతి వేరు. పొద్దెక్కాక హోటల్నుంచి టీలు వచ్చేవి. తీగ స్టాండులో గ్లాసులు పెట్టుకుని హోటలతను కాటా దగ్గర మొదలుపెట్టి, ఆఫీసు గదిదాకా వరసగా ఇచ్చుకుంటూ పోయేవాడు. ఎవరికి ఇవ్వాలో షావుకారు లెక్క. ఒకరోజు ఒకరి ముందు గ్లాసు పెట్టకుండా దాటిపోయేవాడు. అంతే. ఆ మనిషి తన చేతిలో పని ముగించి, మేకుకు తగిలించిన చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు. ఎందుకని అడిగిన వాడు లేడు. అడగటం పరువు తక్కువ. మిగతావాళ్లం టీ తాగుతూ గ్లాసులోకి చూసుకునేవాళ్లం.

మా కాటా గుమాస్తా ఒకాయన ఉండేవాడు. నాకంటే పెద్ద. బోరెం కాటా మీదికి ఎక్కకముందే తూకం చెప్పగలడని రైతులు అనుకునేవారు, అది ఎంత నిజమో నాకు తెలియదుగానీ మనిషి మాత్రం కోపిష్ఠి. పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో ఒకనాడు టీ స్టాండు ఆయన ముందునుంచి దాటిపోయింది. ఆయన దాని వంక చూశాడు. కాటా మీదున్న బోరెం తూకం వేయించి, రాయించి, చొక్కా తొడుక్కున్నాడు. బండ్లు గేటు బయటిదాకా ఆగి ఉన్నాయి. ఆయన వాటి మధ్యనుంచి నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు షావుకారు కాటా దగ్గరికి వచ్చి, "ఏడీ?" అన్నాడు. అందరం బండ్ల వంక చూశాం. "చెప్పకుండా పోయినవాణ్ణి నేనెందుకు పిలుస్తాను" అని లోపలికి వెళ్లిపోయాడు. మాకు అప్పుడే కాస్త తేడాగా అనిపించింది. కొన్నాళ్లకి హోటలతను వేరే మాటల్లో పడి అన్నాడు, ఆ రోజు గేటు దగ్గర ఎద్దు కొమ్ము విసిరితే ఒక గ్లాసు పగిలిందట, ఇంకోటి తెద్దామనుకుని ఎక్కడో చిక్కుకుపోయాడట. అంతే జరిగింది. పగిలిన గ్లాసు. అప్పటికే ఆ పెద్దమనిషి సత్తుపల్లి వైపు ఏదో మిల్లులో కుదిరి, అక్కడ ఇమడలేక, ఇంకెటో పోయాడని తెలిసింది. షావుకారు ఆయన్ని పంపలేదు, ఆయనకి వెళ్లాలని లేదు, అయినా వెళ్లిపోయాడు. ఒక్కరు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

నాకూ చివరికి టీ రాలేదు. మిల్లు మూసే ముందు సంగతి అది. నాది పగిలిన గ్లాసు కాదు, నాకు తెలుసు. చొక్కా తొడుక్కున్నాను. నాకు ఫొటో ఫ్రేమూ లేదు, మొక్కా లేదు. మనసులో మాత్రం పెద్ద ఉపన్యాసం ఉంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే మా కోడలు పని చేసే చోటు గురించి చెప్పాలి.

విజయవాడ రోడ్డులో మూడంతస్తుల బట్టల షోరూము ఒకటి పెట్టారు. ఆమె అందులో పట్టుచీరల సెక్షన్లో చేరింది. మా ఇంట్లో ఆడవాళ్లు పొలం పనికి వెళ్లారుగానీ ఒక ఉద్యోగమని, ఒక యూనిఫారం చీర అని, మెడలో కార్డు అని వెళ్లింది ఈమే మొదలు. ఆ కార్డు రోజూ తుడుచుకునేది. ఆమె చేతిలో చీర విప్పితే నీళ్లు పోసినట్టు జారేది. పెళ్లిబట్టలకి వచ్చిన వాళ్లు కింద అంతస్తులోనే ఆమెను అడిగి మరీ పైకి వచ్చేవారట. నెల జీతంలో మనవడి హాస్టలు గడిచేది. అది ఒక్కటే కాదు. ఇంటికొచ్చి "ఇవాళ ఏమైందంటే మామయ్య గారూ" అని మొదలుపెట్టేది చూశారా, పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ఆ పిల్ల అలా మాట్లాడటం నేను వినలేదు. తెర మీది ఆఫీసుల కథలు ఆమెకి అందుకే నచ్చేవనుకుంటాను. తనకీ ఒక ఆఫీసు ఉంది.

అక్కడ కూర్చోకూడదు. పొద్దున తలుపు తీసినప్పట్నుంచి రాత్రి షట్టరు దించేదాకా నిలబడాలి. కొనేవాళ్లు లేనప్పుడు కూడా నిలబడాలి. చూసేదెవరంటే, కెమెరా. ప్రతి సెక్షను మీదా ఒకటి. ఓనరు విజయవాడలో తన ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోనులో చూస్తాడట. ఎవరన్నా గోడకి ఆనుకుంటే మేనేజరుకి ఫోను వస్తుంది. తెర మీద గూఢచారి కెమెరాలు పెట్టి దేశద్రోహుల్ని కనిపెడతాడు. ఇక్కడ ఒకడు సోఫాలో కూర్చుని, ఎవరు కూర్చున్నారా అని చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆమె కాళ్ల నరాలు ఉబ్బాయి. మోకాలి వెనక నీలంగా, వానపాముల్లా. డాక్టరు మధ్యమధ్యలో కూర్చోమన్నాడు. ఒకరోజు ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ స్టూలు సంచిలో పెట్టుకుని వెళ్లింది. కౌంటరు వెనక వేసుకుని, ఎవరూ లేనప్పుడు కాసేపు కూర్చునేది. కొన్ని రోజులకి మేనేజరుకి ఫోను వచ్చింది. స్టూలు తీసేయమన్నారు.

"కూర్చుంటే చీర అమ్ముడుపోదా సార్?" అని అడిగిందట.

"నన్నడక్కమ్మా. పైనుంచి చెప్పారు."

"పైనంటే ఎవరు? ఆ కెమెరానా?"

పక్క సెక్షన్ల వాళ్లు నవ్వారట. ఆ నవ్వు కూడా కెమెరాలో పడే ఉంటుంది. స్టూలు ఇంటికొచ్చింది. టీవీ కింద పెట్టాం. రాత్రి దాని మీద కాళ్లు చాపుకుని చూసేది.

తర్వాత ఒకరోజు అన్నం తింటూ మామూలుగా అంది, "ఇవాళ నాకు టీ రాలేదు. ట్రే మా సెక్షన్ దాటిపోయింది. మర్చిపోయినట్టున్నాడు."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆమె గమనించలేదు. టీవీ పెట్టింది. కోటు మనిషి ఏదో ఊళ్లో మెట్లెక్కుతున్నాడు, వెనక ఎవడో వస్తున్నాడు. నాకు తెర మీద ఏం కనిపించలేదు. మర్నాడు నేనే అడిగాను.

"టీ వచ్చిందా?"

"రాలేదు. అయినా ఆ టీ ఏం బాగుంటుంది, నీళ్లు."

చెప్పాలా వద్దా అని తెగ కొట్టుకున్నాను. చెబితే, పౌరుషం కల పిల్ల, చొక్కా తొడుక్కున్నట్టే మానేసి వస్తుంది. అది నిజంగా పగిలిన గ్లాసే అయితే? మా కాటా గుమాస్తా బండ్ల మధ్యనుంచి నడిచి వెళ్లటం కళ్ల ముందు ఆడుతోంది. చెప్పకపోతే, పది మందిలో ఒకరోజు తెల్లబోయి నిలబడుతుంది. చివరికి ఆదివారం సాయంత్రం, ఆమె చీర మడతేస్తుంటే మిల్లు పద్ధతి మొత్తం చెప్పాను. కాటా గుమాస్తా సంగతీ, నా సంగతీ.

ఆమె మొదట నవ్వింది. "మీరు ఆ సినిమాలు ఎక్కువ చూశారు మామయ్య గారూ. టీ ఇవ్వకపోతే ఉద్యోగం పోవటమేంటి?"

"మా దగ్గర అంతే పోయేవి."

ఆమె మడత పెట్టిన చీరే మళ్లీ విప్పింది.

"మీ వాళ్లలో ఒక్కరూ అడగలేదా? నా టీ ఏదని?"

"అడిగేవాళ్లు కాదు."

"ఎందుకని?"

"ఏమో. సిగ్గు."

"సిగ్గు పడాల్సింది వాళ్లు కదా" అంది. "నేను అడుగుతాను. తీసేస్తే తీసేయమనండి. నా మొహం మీద చెప్పాలి. చెప్పేదాకా నేను వెళతాను."

నాకు భయం వేసింది, గర్వంగానూ ఉంది. మర్నాడు అడిగింది. ఆ మేనేజరు మా మనవడికి అన్నలా ఉంటాడు. ఇంత ఎండలో మెడకి టై బిగించుకుని తిరుగుతాడు. తిరువూరులో టై కట్టేది బహుశా అతనొక్కడే.

"సార్, నాకు టీ ఎందుకు రావట్లేదు? మానెయ్యమని అర్థమా?" అని అడిగిందట నేరుగా.

"అయ్యో, అదేం లేదమ్మా. నేను చెబుతాగా" అన్నాడట.

ఆ సాయంత్రమే టీ వచ్చింది. తర్వాత కూడా రోజూ వచ్చింది. ఆమె ఇంటికి రాగానే నా వంక చూసి చెయ్యి గ్లాసులా పట్టి చూపించేది. నాకు ఎంత తేలికైందో చెప్పలేను. మా రోజులు కావు ఇవి, అడిగితే జవాబు చెబుతారు అనుకున్నాను. టీకొట్టు దగ్గర ఎరువుల కొట్టాయనకి కూడా చెప్పాను, అడగాలండీ, అడిగితేనే పని అని. సిరీస్ చివరికి వస్తోంది. గూఢచారి మళ్లీ ఆ ఎర్రలైటు తలుపు ముందుకే వచ్చి నిలబడ్డాడు, తన ఆఫీసులోకి ఎలా దూరతాడన్నదే మిగిలింది. ఆమె దొడ్డిదారిన అంది. నేను, వాణ్ణి తీసేసిన పెద్దాయనే లోపలికి తీసుకెళతాడన్నాను. దాని మీద ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం.

ఆ వారమే ఒక పొద్దున ఫోను చేసింది. నేను అప్పుడే పేపరు విప్పాను.

"మామయ్య గారూ, వేలు పట్టట్లేదు."

"ఏ వేలు?"

"హాజరు మిషన్లో. బొటనవేలు పెడితే ఎర్రలైటు వస్తోంది. మీరేం కంగారు పడకండి, చెబుదామని చేశానంతే. పాలు కాచి పెట్టాను, మూత వేసుకోండి."

ఎర్రలైటు అన్న మాట వినగానే చెప్పులు వెతుక్కున్నాను.

ఆటోలో వెళ్లేసరికి షోరూము మెట్ల మీద కూర్చుని ఉంది. అద్దం తలుపు లోపల చల్లగాలికి బొమ్మలు పట్టుచీరలు కట్టుకుని నిలబడి ఉన్నాయి. ఈమె బయట ఎండ మొహాన పడుతుండగా, ఒళ్లో క్యారేజీ సంచి పెట్టుకుని ఉంది. వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"లోపలికి వెళ్లలేదా?"

"వేలు పడితేగానీ పంపొద్దన్నారంట. తుడిచి పెట్టాను. తడిచేసి పెట్టాను. ఎడమ చెయ్యి కూడా పెట్టాను." బొటనవేలు నాకు చూపించింది. "జరీ చీరలు మడిచి మడిచి గీతలు అరిగాయేమో. పోయిన నెల, కింద ఫ్లోర్లో ఒకమ్మాయికి ఇలాగే అయింది. మళ్లీ ఎక్కించారు."

నేను ఆ వేలు చూశాను. నిజంగానే గీతలు సరిగా కనిపించటం లేదు. నా కళ్లు కూడా సరిగా లేవు.

"మేనేజర్ని పిలవమన్నావా?"

"పిలిచాను. వస్తానన్నారంట. రాలేదు."

నేను పక్కన కూర్చున్నాను. రాయి అప్పటికే కాలుతోంది. తలుపు పైన కెమెరా మా నెత్తి మీదికి చూస్తోంది.

"మీ సినిమాలో అయితే ఇప్పుడేం చేస్తాడు?" అంది.

"నువ్వేగా అన్నావు, దొడ్డిదారిన వెళతాడని."

"దొడ్డిదారికి కూడా మిషనే పెట్టారు" అని నవ్వబోయి ఆగిపోయింది.

ఆటో ఒకటి ఆగి అందులోంచి పెళ్లిబట్టలకి వచ్చిన వాళ్లు దిగారు. పెనుగొలను నుంచట. వాళ్లలో పెద్దావిడ ఈమెను గుర్తుపట్టింది.

"ఏమ్మా, ఇక్కడ కూర్చున్నావేంటి? నువ్వుంటావనే వచ్చాం. పెద్దమ్మాయికి తీసిన చీర నువ్వు చూపించిందేగా."

"మీరు పైకి పదండి పిన్నిగారూ. వాళ్లు చూపిస్తారు. ఆకుపచ్చ అంచుది కొత్తగా వచ్చింది, అది అడగండి."

"నువ్వు రావా?"

"వస్తాను. కాసేపాగి."

వాళ్లు వెళ్లాక తలుపు మూసుకుంది. చల్లగాలి మా వీపులకి ఒకసారి తగిలి ఆగిపోయింది. ఆమె గొంతు చిన్నదైంది. "మామయ్య గారూ, ఇది పగిలిన గ్లాసా, కాదా? నాకు ఒక్కటి తెలిస్తే చాలు. తెలియకుండా లేచి రాలేను. రేపు కూడా వచ్చి ఇక్కడే కూర్చుంటాను."

నాకు మనసులో ఉన్న పాత ఉపన్యాసమంతా గొంతులోకి వచ్చింది. లేచాను. వాచ్‌మన్ నన్ను ఆపలేదు. కొనేవాడు కాబోలనుకున్నాడు.

మేనేజరు పైన పట్టు సెక్షన్లో, ఆమె నిలబడే చోటే నిలబడి ఉన్నాడు. నేను ఎవరో అతనికి తెలుసు. తెలిసి కూడా, "రండి సార్, ఏం చూస్తారు?" అన్నాడు గట్టిగా.

"మాట్లాడాలి నీతో."

"ఇలా చూడండి సార్, ఇవన్నీ కొత్త స్టాకు." ఒక చీర తీసి బల్ల మీద పరిచాడు. వంగి దాని అంచు సర్దుతూ, చీర వంకే చూస్తూ, పెదవులు దాదాపు కదపకుండా అన్నాడు, "పైన కెమెరా ఉందండి. మాట కూడా వినిపిస్తుంది. మెల్లగా మాట్లాడండి."

నా కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇన్నేళ్లుగా తెర మీద చూసి ముచ్చటపడిన విద్య అది. ఆ కుర్రాడు చీర మడతల మీద వేళ్లు ఆడిస్తూ చేస్తున్నాడు.

నేనూ చీర అంచు పట్టుకుని వంగాను. "దాని వేలిముద్ర తీసేశారా?"

"రాత్రి విజయవాడలోనే తీసేశారండి. మిషను అక్కణ్ణుంచే నడుపుతారు. ఇక రావద్దని ఆమెకి నన్ను చెప్పమన్నారు, పోయిన వారమే. నాకు నోరు రాలేదు. టీ కూడా వాళ్లు ఆపమన్నదే. ఆమె అడిగాక నేను నా టీ పంపించాను."

"స్టూలు గురించేనా?"

"స్టూలు కాదండి. ఆ రోజు పైనంటే ఎవరని అడిగిందిగా, అందుకు." మరో చీర పరిచి గొంతు పెంచాడు. "ఇది చూడండి సార్, తేలిగ్గా ఉంటుంది." మళ్లీ దించాడు. "మీరే చెప్పండి ఆమెకి. మీకు దణ్ణం పెడతాను. నేను కిందికి వస్తే కెమెరాలో కనపడుతుంది."

నేను అతన్ని తిట్టటానికి వెళ్లాను. ఒక్క తిట్టు కూడా రాలేదు. టై ముడి దగ్గర చెమట నల్లగా దిగి ఉంది. ఎవరికి చెప్పాలి నా ఉపన్యాసం? కెమెరా వంక తలెత్తి చూశాను. నల్లటి చిన్న గాజు కన్ను. అవతల సోఫాలో ఎవరన్నా ఉన్నారో, కాఫీకి లేచారో కూడా తెలియదు.

మెట్లు దిగాను. తెర మీద పెద్దాయన ఎంత సునాయాసంగా చెబుతాడు ఆ మాట. కూర్చోమంటాడు, నీళ్లిస్తాడు, చెబుతాడు. మొహం మీద చెప్పాలని నేను ఎన్నిసార్లు ఆవేశపడ్డాను. చెప్పాల్సిన వాళ్లందరూ ఒకరి వెనక ఒకరు తప్పుకుంటే ఆ మాట తిరిగి తిరిగి నా నోటికి వచ్చి పడింది.

ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమన్నాను. నేనూ కూర్చున్నాను. కళ్లలోకి చూడాలనుకున్నాను, క్యారేజీ సంచి వంక చూశాను. మళ్లీ తలెత్తాను.

"పగిలిన గ్లాసు కాదమ్మా. నిన్ను తీసేశారు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆమె తల ఊపింది. "ఎవరన్నారు?"

"అన్న వాడు ఇక్కడ లేడు. నేనే చెబుతున్నాను."

"కూర్చున్నందుకా?"

"అడిగినందుకు."

కాసేపు రోడ్డు వంక చూసింది. మామిడికాయల లారీ ఒకటి బరువుగా పోతోంది. దాని వెనక దుమ్ము మా మీదికి వచ్చింది. ఆమె మెడలో కార్డు తీసి, అలవాటు చొప్పున పమిటతో తుడిచి, వాచ్‌మన్ స్టూలు మీద పెట్టింది. అతనికి అక్కడ స్టూలు ఉంది.

"పదండి. ఎండగా ఉంది" అంది. పైన ఆ కుర్రాడి టీ సంగతి నేను ఇంటికెళ్లాక చెప్పాను. "తెలుసు. ట్రేలో గ్లాసు ఒకటి తక్కువే వచ్చేది, ఆయన ముందు ఉండేది కాదు" అంది.

మధ్యాహ్నానికి ముందే క్యారేజీ విప్పుకుని నాలుగు ముద్దలు తింది. ప్లాస్టిక్ స్టూలు మీద కాళ్లు చాపుకుంది. కాస్త మనసు మళ్లుతుందేమోనని, సిరీస్ ఆఖరి భాగం పెట్టమంటావా అన్నాను. వద్దంది. వాడు లోపలికి ఎలా వెళతాడో తెలుసుకోవాలని ఆమెకి అనిపించలేదు. నాకూ అనిపించలేదు. అది ఇప్పటికీ చూడలేదు. టీవీ పెట్టినప్పుడల్లా ఎక్కడ ఆపామో అక్కడే, ఎర్రలైటు ముందు నిలబడి ఉంటాడు.

ఆ పూట పొద్దున కాచిన పాలతో నేనే టీ పెట్టాను. రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి ఆమె ముందు పెట్టాను. ఆమె గోడ వంక చూస్తూ బొటనవేలు కొసని చూపుడువేలితో రుద్దుకుంటూ ఉండిపోయింది. టీ మీద మీగడ కట్టింది.